అగ్గి తెగులు పట్టిన యాసంగి

ప్రవళికకు చిన్నప్పటి నుంచీ బూజంటే భయం. తొక్కు పచ్చడి జాడీలో తెల్లటి పొర కనిపిస్తే మూత వదిలేసి బయటికి పరుగెత్తేది. తల్లి నాగులమ్మ నవ్వి, పైపొర గంటెతో తీసేసి మిగిలింది కలిపేది. ఆ తొక్కు ఆ రోజు ప్రవళిక తినేది కాదు.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. కల్వకుర్తి దాటి శ్రీశైలం తోవలో కొంతదూరం పోయి, రోడ్డు వదిలి లోపలికి తిరిగితే తుమ్మలగుట్ట అనే ఊరు. ఆమె తండ్రి పరశురాములుకు గొర్ల మంద ఉండేది. గుట్ట వాలులో కొంత ఎర్రచెలక కూడా ఉండేది. వానను నమ్ముకుని అందులో ఆముదం వేసేవాడు. ప్రవళిక రెండో తరగతి చదివేనాటి ఒక ఏడు, గెలలు నిండుగా పట్టిన సమయంలో ముసురు పట్టింది. వాన తెరిపి ఇచ్చాక తండ్రి వెంట చేనుకు పోయిన పిల్లకు గెలలన్నీ బూడిదరంగు ఉన్ని కప్పుకున్నట్టు కనిపించాయి. గొర్రెపిల్లను ముట్టుకున్నట్టు ముద్దుగా ముట్టుకుంది. చేతికింద పొగలాంటిది లేచింది, కాయ మెత్తగా చితికి వేళ్ళకు అంటుకుంది. పరశురాములు ఒక గెల తుంచి చూశాడు. ఇంకొకటి తుంచాడు. తర్వాత చూడటం మానేసి చేని నడుమ అట్లాగే నిలబడిపోయాడు. తండ్రి ఏమీ చేయకుండా నిలబడటం ఆమె అప్పటిదాకా చూడలేదు. ఆ పిల్లకు భయం వేసింది బూజును చూసి కాదు, ఆయన ముఖం చూసి. కానీ తర్వాత ఆ రెండూ ఆమె మనసులో ఒకటైపోయాయి.

అలాంటి పిల్ల వ్యవసాయ డిగ్రీ చదివి, మొక్కల తెగుళ్ళ మీద పీజీ చేసి, హైదరాబాదులో పీహెచ్‌డీలో చేరింది. భయపడేదాని వెంటే ఎందుకు పడ్డావని హాస్టల్లో స్నేహితురాళ్ళు అడిగితే, "దూరంకెల్లి జూస్తేనే ఎక్కువ భయమైతది, దగ్గరికి పోతే జర తగ్గుతదేమో అని," అనేది. తగ్గిందా అని అడిగితే మాట మార్చేది.

ఈలోగా ఊరు మారింది. తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు ఎత్తిపోతల కాలువల్లో కృష్ణ నీళ్ళు ఆ మెట్టకు చేరాయి. జొన్న, ఆముదం పండిన చెలకల్లో మళ్ళు కట్టారు. జీవితమంతా గొర్ల వెనక నడిచిన పరశురాములు మందను సగానికి తగ్గించి, నలభై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి నారు పోయడం నేర్చుకున్నాడు. కాలువ తూము దగ్గర ఆయన మడి, దాని దిగువన బాలనర్సమ్మ మడి. బాలనర్సమ్మ భర్త పోయిన మనిషి, ఒంటిచేత్తో సేద్యం చేసుకునేది. ప్రవళిక ఆమెను చిన్నమ్మా అని పిలిచేది. వరసకు చుట్టం కాకపోయినా, చిన్నప్పుడు నాగులమ్మ కైకిలికి, కూలిపనికి పోయిన రోజుల్లో ఆమె ఇంట్లోనే అన్నం తిని పెరిగింది.

హైదరాబాదులో ప్రవళిక పని వరికి వచ్చే అగ్గి తెగులు మీద. మంట తగిలినట్టు ఆకు మాడిపోతుంది కాబట్టి రైతులు దానికి ఆ పేరు పెట్టారు. దాన్ని తెచ్చేది ఒక శిలీంధ్రం. దాని బీజం కంటికి కనిపించదు. గాలిలో వచ్చి, మంచుతో తడిసిన ఆకుమీద వాలి, సన్నటి మొలకను చాపుతుంది. కింద ఉన్నది గట్టి ఆకని తెలిసిన క్షణాన మొలక చాచడం ఆపి కొనను ఉబ్బించి గుండ్రటి బుడిపె చేస్తుంది. ఆ బుడిపెకు నల్లటి పూత పూసుకుంటుంది. లోపల నీటి ఒత్తిడి పెంచుతుంది. లారీ టైరులో గాలి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఒత్తిడి అది. ఆ బలంతో ఆకును పొడిచి లోపలికి దిగుతుంది. ఎప్పుడు చాపాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఉబ్బాలి, ఎప్పుడు కొత్త బీజాలు పెట్టాలి, అన్నీ దాని జన్యువులు చెప్పినట్టే జరుగుతాయి. ఒక్కో జన్యువును పాడుచేసి, శిలీంధ్రం ఏ పని మర్చిపోయిందో చూడటమే ప్రవళిక చదువు. బుడిపె చేయడం మర్చిపోయిన రకాలు ఉండేవి. నల్లపూత మర్చిపోయి ఇటుకరంగులో మిగిలిపోయినవి ఉండేవి. పాపం అనిపించేది వాటిని చూస్తే.

ఇరవయ్యేడో నంబరు రకం మాత్రం అలాంటిది కాదు. అది ఏదీ మర్చిపోలేదు. ఆగడం ఒక్కటే మర్చిపోయింది. మిగతా రకాలు ఇంకా తెల్లదారాల్లా పాకుతుండగానే ఇది శిలీంధ్రాన్ని పెంచే మూతప్లేటు నిండా బూడిదపొడిలా బీజాలు పోసేది. పాడైన జన్యువు బీజాలకు పగ్గం లాంటిదని ఆమె గైడు కృష్ణకాంత్ సంబరపడ్డాడు. "ఎంత మంచి ఫలితం ప్రవళికా! ఇది వరి ఆకు మీద ఏం చేస్తుందో వచ్చే నెల చూద్దాం," అన్నాడు. ప్రవళికకు ఆ ప్లేటు మూత తీసినప్పుడల్లా ఆముదపు చేను గుర్తొచ్చేది. ఊపిరి బిగబట్టి పనిచేసేది.

కరోనా సద్దుమణిగిన తర్వాతి యాసంగికి, చలికాలపు పంటకు, నార్లు పోస్తున్న రోజులవి. ఆ మధ్యాహ్నం ఆమె ఇరవయ్యేడో నంబరు బీజాలను గీకి నీళ్ళలోకి తీస్తుండగా ఫోను మోగింది. తల్లి నంబరు. పనివేళ నాగులమ్మ ఎప్పుడూ ఫోన్ చేయదు.

"బిడ్డా, మీ నాయినకు పురుగు ముట్టింది. నారుమడికాడ. కల్వకుర్తి దవాఖానకు తీస్కవోతున్రు. నువ్వు జల్ది రా."

పాము పేరెత్తకూడదని ఆ ఊళ్ళో పురుగనే అంటారు. ప్రవళిక చేతి తొడుగులు లాగేసింది, ముఖాన పట్టిన చెమటను చున్నీతో తుడుచుకుంది, ఏప్రాన్ కుర్చీమీద పడేసింది. ప్లేట్లను లోపల పెట్టి తాళం వేయమని పక్కనున్న వాళ్ళకు చెప్పి పరుగెత్తింది. ల్యాబులో పనిచేసిన బట్టలతో బయటికి పోకూడదు, శిలీంధ్రంతో పనిచేసే రోజుల్లో వరిపొలం తొక్కకూడదు అన్న నియమాలు గోడకు అంటించి ఉన్నాయి. రోజూ చూసేవే. ఆ పూట కంటికి ఆనలేదు.

దవాఖానకు చేరేసరికి పరశురాములు మంచం మీద సెలైన్ బాటిల్ కింద ఉన్నాడు. కాలు వాచింది గానీ కళ్ళు తెరిచి మాట్లాడుతున్నాడు. ఆమెను చూడగానే ఆయన అడిగింది తన ప్రాణం సంగతి కాదు. "నారుకు నీళ్ళు తిప్పలేదు బిడ్డా. ఎండుతదేమో. జర నువ్వు వోయి తూము ఇప్పు."

తండ్రి బతికాడన్న సంతోషంలో ప్రవళిక ఏమీ ఆలోచించలేదు. తల్లిని ఆయన దగ్గర వదిలి ఆటో పట్టుకుని ఊరికి పోయింది. చున్నీ నడుముకు చుట్టి, నారుమడిలో దిగి నీళ్ళు తిప్పింది. ఒక మూల గట్టు తెగి ఉంటే మట్టి వేసి తొక్కింది. నారు లేతగా, చేతికి మెత్తగా తగిలింది. తండ్రి ఇంటికి వచ్చేదాకా ఉండి, ఆ తర్వాత హైదరాబాదుకు తిరిగి వెళ్ళింది.

ఆ ఏడు చలికాలం మబ్బుగా నడిచింది. మధ్యలో అదునుగాని వాన. పొద్దెక్కినా ఆకుల మీద మంచు ఆరేది కాదు. సంక్రాంతి వెళ్ళిన కొద్దిరోజులకు పరశురాములు ఫోనులో ఒక ఫొటో పంపాడు. కింద ఆయన గొంతు: "ఆకుమీద గిదేందో మచ్చ వడ్డది. జూసి జెప్పు."

ఆమె ఫొటోను పెద్దది చేసి చూసింది. నూలుకండె ఆకారం. రెండు చివరలా మొన తేలి, నడుమ బూడిదరంగు, చుట్టూ గోధుమరంగు అంచు. పుస్తకంలో బొమ్మంత స్పష్టంగా ఉంది. అది అగ్గి తెగులని తెలియడానికి ఆమెకు రెప్పపాటు చాలు. ఆ మరుక్షణమే ఇంకొకటి తెలిసింది. చున్నీ. నడుముకు చుట్టిన చున్నీ. ముఖం తుడుచుకున్న చున్నీ.

ఫోను బోర్లా పెట్టేసింది. ల్యాబులో అందరూ ఎవరి పనిలో వాళ్ళున్నారు. ఫ్రిజ్ మోత వినిపిస్తోంది. ఇరవయ్యేడో నంబరు మామూలు శిలీంధ్రం కాదు. ఆగడం తెలియనిది. అది ఒక మడిలో పడితే? దిగువ మడిలో? కాలువ కింద మళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. గాలికి గట్లు అడ్డం రావు. ఎంత దూరం పోతుందో ఆమె లెక్క వేయబోయి మధ్యలో ఆపేసింది.

ఊళ్ళో దిగేసరికి మడి దగ్గర పదిమంది గుమిగూడి ఉన్నారు. తెగుళ్ళ చదువు చదివిన పిల్ల వస్తోందని పరశురాములే చెప్పి ఉంటాడు. వాళ్ళ ముఖాల్లో ఉన్నది నమ్మకం. ఆమె ఎవరి కళ్ళలోకీ చూడకుండా నేరుగా మడిలోకి దిగింది.

ఆకు తర్వాత ఆకు తిప్పి చూసింది. మచ్చలు మడి అంతటా ఉన్నాయి గానీ, ఒక మూల మరీ ఎక్కువ. నారుమడి వేసిన మూల. ఆమె దిగి మట్టి తొక్కిన మూల.

బాలనర్సమ్మ పక్కనే నిలబడి ఉంది. "మీ మడికాడికెల్లే షురువైనట్టుంది బిడ్డా. నా దాంట్ల గిప్పుడిప్పుడే పడుతున్నయ్. గిది గాలికి వొస్తదా?"

"గాలికే వొస్తది చిన్నమ్మా," అన్నది ప్రవళిక. అందరికీ వినపడేలా చెప్పాల్సింది చెప్పింది. యూరియా ఆపమన్నది. ట్రైసైక్లజోల్ అనే మందు తెచ్చి వెంటనే కొట్టమన్నది, వరి వెన్ను తీసి కంకి వేసేముందు మళ్ళీ కొట్టమన్నది. ఆ మందు చేసే పనేమిటంటే, శిలీంధ్రాన్ని నల్లపూత పూసుకోనివ్వదు. పూత లేకపోతే ఒత్తిడి నిలవదు, ఆకును పొడవలేదు. ల్యాబులో తను జన్యువు పాడుచేసి చూసిందే ఇక్కడ మందు చేస్తుంది. మామూలు రోజైతే ఈ సంగతి వాళ్ళకు విడమరిచి చెప్పడం ఆమెకు ఎంతో ఇష్టంగా ఉండేది. ఆ రోజు మందు పేరు చెప్పి, తల తిప్పుకుంది.

మరుసటి పొద్దున ఇద్దరే మడి గట్టుమీద ఉన్నప్పుడు తండ్రికి చెప్పేసింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "నాయినా, గిది నేనే తెచ్చిన్నేమో," అన్నది.

పరశురాములు భుజాన ఉన్న మందుపంపు దించలేదు. ఆమె చెబుతూ పోయింది. ప్లేటు, చున్నీ, నంబరు, పగ్గం తెగిన జన్యువు. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. అర్థం కావలసింది మాత్రం అయింది. పాము కరిచిన నాడు కూడా చెక్కుచెదరని మనిషి ముఖం నెత్తురు లేనట్టు పాలిపోయింది. చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమో అని.

"గీ మాట ఇంకెవలికన్న జెప్పినవా?"

"లేదు."

"మీ అమ్మకు?"

"లేదు నాయినా."

"జెప్పకు. ఎవలికీ జెప్పకు. మనోళ్ళు మంచోళ్ళే బిడ్డా, గాని పంట పోయినంక ఎవరి మనసు ఎట్లుంటదో జెప్పలేం. బాలనర్సమ్మ మొఖం నేనెట్ల జూడాలె? ఊల్లె మనల్ని బతకనియ్యరు. నీ సదువు గూడ పోతది."

"మా సార్‌కు జెప్పాలె. పరీక్ష జేస్తే తెలుస్తది, మాదా కాదా అని."

"మీదే అని తేలితే?"

పరశురాములు వద్దని ఇంకోసారి అనలేదు. పొమ్మనీ అనలేదు. పంపు ఎత్తుకుని మడిలోకి దిగాడు. మందు కొడుతూ ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ప్రవళిక మచ్చలున్న ఆకులు తుంచి కవరులో పెట్టి సీలు చేసింది. ఆ కవరును ఇంకో కవరులో, దాన్ని డబ్బాలో, డబ్బాను సంచిలో పెట్టింది. బస్సులో ఆ సంచిని పైన పెట్టడానికి ధైర్యం చాల్లేదు, ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. ఆమనగల్లులో ఎక్కిన ముసలామె, "పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవ్, ఏముంది బిడ్డా గండ్ల?" అని అడిగితే, "ఆకులు, అవ్వా," అన్నది. "మందాకులా?" అని ఆమె మళ్ళీ అడిగింది. ప్రవళిక కిటికీలోంచి బయటికి చూస్తూ తల ఊపింది. దారి పొడుగునా పచ్చటి మళ్ళు. ఆ రోజుకు ముందు ఆ పచ్చదనం చూస్తే ఆమెకు ప్రాణం లేచొచ్చేది.

కృష్ణకాంత్ మొత్తం విన్నాక కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. లేచి గది తలుపు మూసి వచ్చాడు. ఎప్పుడూ ధైర్యం చెప్పే మనిషి భయపడ్డాడని తెలిసి ఆమె భయం రెట్టింపైంది.

"నువ్వు నియమం తప్పావు. కానీ దాచకుండా వచ్చి చెప్పావు," అన్నాడు చివరికి. "ఫలితం ఏదైనా సంస్థ భద్రతా కమిటీకి నేను రాసి ఇవ్వాలి. మనది కాదని తేలినా రాయాలి. సరేనా?"

"సరే సార్."

"ముందు పరీక్ష."

పరీక్ష కష్టమైంది కాదు, ఎదురుచూడటమే కష్టం. ల్యాబులో మార్చిన ప్రతి రకంలోనూ ఒక గుర్తు ఉంటుంది. ఒక విషపు మందును తట్టుకునే జన్యువును వాటిలో చేర్చి పెడతారు. ఆ మందు కలిపిన ప్లేటు మీద పొలంలో పుట్టిన శిలీంధ్రం బతకదు. ల్యాబుది బతుకుతుంది. తుమ్మలగుట్ట ఆకుల మచ్చల నుంచి ఒక్కో బీజాన్ని వేరుచేసి పెంచి, మందు ప్లేట్ల మీద పెట్టాలి. అక్కడ ఏమీ మొలవకూడదు. ఖాళీ ప్లేటు కోసం అంతగా మొక్కుకున్న మనిషి ఆ ల్యాబులో ఇంకొకరు ఉండి ఉండరు.

రోజూ పొద్దున ప్లేట్లు తీసేముందు ఆమె తలుపు దగ్గర కాసేపు ఆగేది. మొదట్లో ఏమీ లేదు. తర్వాతా ఏమీ లేదు. సరిపోల్చడానికి పక్కన పెట్టిన ఇరవయ్యేడో నంబరు మాత్రం మందు మీద హాయిగా పెరుగుతోంది. ఆమెకు మెల్లగా ఊపిరి ఆడసాగింది. ఊరికి ఫోన్ చేసి తండ్రికి ఒక మాట చెబుదామా అనుకున్న పొద్దుటే, తుమ్మలగుట్ట ప్లేట్లలో ఒకదాని అంచున తెల్లటి చుక్క కనిపించింది.

ఆమె ఆ ప్లేటును కింద పెట్టింది. మెట్లమీదికి వెళ్ళి కూర్చుంది. బాలనర్సమ్మ ఇంట్లో తిన్న జొన్నరొట్టె, పప్పు గుర్తొచ్చాయి. ఆ ఊరికి ఇక పోలేననుకుంది. తండ్రి ఎక్కడ తల దాచుకుంటాడు? గొర్లను తోలుకుని ఏ గుట్టలకు పోతాడు? ఆ ఒక్క చుక్క కాలువ పొడుగునా ఉన్న మళ్ళన్నిటి మీదికి ఎలా పరుచుకుంటుందో ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

కృష్ణకాంత్ వచ్చి ప్లేటు చూశాడు. అంచున ఉన్నదాన్ని సూదితో కొంచెం తీసి గాజుపలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇలా రా. నువ్వే చూడు."

"నాకు భయంగా ఉంది సార్."

"చూడు, ప్రవళికా."

చూసింది. అగ్గి తెగులు బీజం బేరిపండులా, ఒక చివర మొనతో ఉంటుంది. ఇవి చిన్న గుండ్లు, పూసలదండల్లా బారులు తీరి ఉన్నాయి. రంగు పచ్చబారుతోంది. పాతబడ్డ రొట్టె మీద పట్టే మామూలు బూజు. గాలిలో తిరుగుతూ ప్లేటులో పడింది.

"నీదీ కాదు, నాదీ కాదు," అన్నాడు ఆయన, కుర్చీలో వెనక్కి వాలి. "ఇది మన క్యాంటీన్‌ది." ఆ మాటకు ఆయనే నవ్వాడు, నవ్వు మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ పెట్టిన ప్లేట్లూ ఖాళీగానే ఉన్నాయి. డీఎన్ఏ పరీక్షలోనూ గుర్తు కనిపించలేదు. తుమ్మలగుట్టను పట్టిన శిలీంధ్రం ఏ ల్యాబుదీ కాదు.

ఫోనులో ఆ మాట విన్న పరశురాములు, "మల్ల జూసిన్రా? రెండోసారి జూసిన్రా?" అని అడిగాడు. చూశామన్నది. "మూడోసారి గూడ జూడుండ్రి," అన్నాడు. ఆయన ఏడుస్తున్నాడని ఆమెకు తెలిసింది.

తెగులు మాత్రం ఆగలేదు. మందు సరిగ్గా పడిన మళ్ళు చాలావరకు నిలిచాయి. పరశురాములు మడిలో ఒక మూల పోయింది, మిగతాది దక్కింది. బాలనర్సమ్మకు మందుల షాపువాడు అగ్గి తెగులుకు ఇదే మంచిదని చెప్పి పురుగుల మందు అంటగట్టాడు. డబ్బా మీది అక్షరాలు ఆమె చదవలేదు. వెన్ను తీశాక తెగులు మెడకు పట్టింది. మెడవిరుపు అంటారు దాన్ని. గింజ పాలు పోసుకోకముందే వెన్ను కింద కణుపు నల్లబడి విరిగి, కంకి తెల్లగా ఎండిపోతుంది. దూరం నుంచి చూస్తే పంట పండినట్టే ఉంటుంది. చేత్తో పడితే అంతా తాలు.

ప్రవళిక వెళ్ళేసరికి బాలనర్సమ్మ గట్టుమీద కూర్చుని తెల్లటి కంకులను ఒక్కోటి పీకి ఒళ్ళో వేసుకుంటోంది.

"నువ్వు జెప్పిన మందే కొట్టిన అనుకున్న బిడ్డా," అన్నది.

ప్రవళిక ఆమె పక్కన కూర్చుంది. ఆ చిన్నమ్మ మడిని తినేసింది తన ల్యాబు బూజు కాదు. ఆ సంగతి తెలిసినా, కూర్చున్నంతసేపూ తప్పు చేసినట్టే ఉంది.

ఎక్కడి నుంచి వచ్చింది మరి? మచ్చలు మొదలైన మూలకు ఆనుకునే గట్టుమీద గడ్డివాము ఉందని ఆమెకు అప్పుడు తట్టింది. మంద తగ్గించాక కొన్న బర్రెలకు మేతలేక పరశురాములు వానకాలం చివర పాత కాలువ ఆయకట్టు నుంచి లారీలో వరిగడ్డి తెప్పించాడు. ఎండిన గడ్డిలోనూ ఈ శిలీంధ్రం నెలల తరబడి బతికి ఉంటుంది. వాము అడుగున మిగిలిన గడ్డిని పట్టుకుపోయి చూస్తే కణుపుల దగ్గర అదే శిలీంధ్రం దొరికింది. అక్కడి నుంచే వచ్చిందని ఒట్టేసి చెప్పలేరు, కావచ్చని మాత్రం కృష్ణకాంత్ అన్నాడు.

ఆ ఊరి శిలీంధ్రాన్ని ల్యాబులో పెంచినప్పుడు ఆమెకు ఇంకో భయం మొదలైంది. బీజాలు పెట్టడంలో అది ఇరవయ్యేడో నంబరుకు ఏమంత తీసిపోలేదు. ఎవరూ ఏ జన్యువూ ముట్టుకోకుండానే ఆ వేగం దానికి అబ్బింది.

"మనం ఒక్క జన్యువు తీయడానికి ఏడాది కష్టపడతాం," అన్నాడు కృష్ణకాంత్. "పొలంలో పుట్టే కోట్ల బీజాల్లో ఎక్కడో ఒక దాంట్లో చిన్న తప్పు దొర్లుతూనే ఉంటుంది. దానికి పనికొచ్చిన తప్పు నిలుస్తుంది. మనకంటే ముందు అది చాలా దూరం పోయింది."

ఇరవయ్యేడో నంబరును చివరికి అన్ని వైపులా మూసిన గదిలో వరి మొక్కల మీద పెట్టి చూశారు. ప్రవళిక అన్నాళ్ళు గజగజలాడింది దేనికో అది ఆకుమీద ఏమంత చేయలేకపోయింది. బలమంతా బీజాలకే పోయినట్టుంది. బుడిపెలు చేసింది గానీ వాటిలో ఒత్తిడి నిలవలేదు. ఆకుమీద సూదిమొనంత చుక్కలు పడి ఆగిపోయాయి. ఆ ఫలితమే ఆమె థీసిస్‌లో ముఖ్యమైన భాగమైంది. కమిటీ ఆమెను కొంతకాలం ల్యాబుకు దూరంగా పెట్టి, తర్వాత హెచ్చరించి రానిచ్చింది. తలుపు బయట బట్టలు మార్చుకునే గది కట్టించింది. ఆ శిక్ష గురించి ప్రవళిక ఎప్పుడూ గొణగలేదు.

ఇప్పుడామె ఒక పరిశోధన కేంద్రంలో పనిచేస్తోంది. ఎక్కువగా కోస్గి వైపు తిరుగుతుంది, కందికి వచ్చే ఎండు తెగులు చూడటానికి. పొద్దున మంచు దట్టంగా కురిస్తే ఇప్పటికీ ఆమెకు తిండి సయించదు. రైతులు ఫోన్ ఎత్తి "మేడమ్, ఆకు మీద..." అనగానే గుండె ఒకసారి జారుతుంది. కొత్తగా చేరిన పిల్లలు ఇన్నేళ్ళ అనుభవం ఉండి కూడా భయమా అని అడిగితే, ఉందని ఒప్పుకుంటుంది.

ఆ యాసంగి మాట ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని పట్టుబట్టిన పరశురాములే దాన్ని బయటపెట్టాడు. రెండేళ్ళ తర్వాత నాట్ల రోజు, గట్టుమీద అందరూ సద్ది తింటుండగా, ఎవరో ప్రవళిక చదువును మెచ్చుకున్నారు. ఆయన ఉబ్బిపోయి, "గా యేడు నా బిడ్డ ఎంత భయపడ్డదో మీకేమెరుక! తెగులు తన చున్నీకి అంటుకొని వొచ్చిందేమో అని నిద్రలేదు, తిండిలేదు," అంటూ మొదలుపెట్టి మొత్తం చెప్పేశాడు. ప్రవళిక చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాగులమ్మ భర్తను గుడ్లురిమి చూసింది. ఆమె కూడా ఆ సంగతి వినడం అదే మొదటిసారి.

బాలనర్సమ్మ నమలడం ఆపి ప్రవళిక వైపే చూస్తోంది.

"గప్పుడే నాకు జెప్పి ఉంటే?" అన్నది.

"ఏం జేస్తుంటివి చిన్నమ్మా?"

"కొడుతుంటి," అన్నది బాలనర్సమ్మ. నవ్వలేదు. "గీ చేత్తోనే కొడుతుంటి. నీది గాదని తేలినంక గూడ శాన రోజులు మాట్లాడకపోతుంటి." గిన్నెలో మిగిలిన పచ్చిపులుసు పరశురాములు పళ్ళెంలో పోసి లేచింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది.

"తిన్నది సాలు, రా. నా నారుమడి మూలకు ఆకులు ఎర్రవడ్డయ్. ఏందో జూసి జెప్పు. మందు పేరు మాత్రం ఈసారి నువ్వే షాపువానికి ఫోన్ల జెప్పాలె."

ప్రవళిక చెయ్యి కడుక్కుని ఆమె వెనకే గట్టు దిగింది. ఆకు తిప్పి చూసేదాకా ఆమె గుండె దడదడ కొట్టుకుంటూనే ఉంది. అది తెగులు కాదు, జింకు లోపం.